భార్యాభర్తల మౌనాన్ని పిల్లవాడు మోయలేడు

అమ్మా,

పల్నాడు నుంచి మీరు రాసిన ఉత్తరంలో చాలా భాగం ఫోను గురించే ఉంది. విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతున్న మీ అబ్బాయి దసరా సెలవులకు ఇంటికి వచ్చి మళ్లీ వెళ్లనంటున్నాడనీ, తెల్లవారుజాము దాకా ఫోను చూస్తూ మధ్యాహ్నం దాకా నిద్రపోతున్నాడనీ, మొన్న తండ్రి మీద అన్నం కంచం విసిరికొట్టాడనీ రాశారు. ఫోను లాక్కోవాలా, కాలేజీ మార్చాలా, జాతకం చూసినాయన చెప్పిన శాంతి చేయించాలా అని అడిగారు. ఫోను లాక్కోకండి. కాలేజీ సంగతి ఇప్పుడే తేల్చనక్కరలేదు. శాంతి చేయిస్తే మీ మనసుకు ఊరట కలుగుతుందేమో గాని మీ అబ్బాయికి కావలసింది అది కాదు. ఈ మూడు ప్రశ్నల మీద నేను ఇంతకన్నా సమయం పెట్టను.

ముందు చూడవలసిన విషయాన్ని మీరు ఉత్తరం చివర రాశారు. 'నేను లేకపోతే వీళ్లిద్దరికీ గొడవే ఉండదు' అని బాబు చెల్లెలితో అన్నాడట. కోపంలో అని ఉంటాడులెండి అని మీరే సర్దిచెప్పుకొన్నారు. అలా సర్దిచెప్పుకోవద్దు. ఈ వారంలోనే వాణ్ని మానసిక వైద్యుడికి చూపించండి. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో ఆ విభాగం ఉంది. ఈలోగా ఏ రాత్రైనా భయమనిపిస్తే 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరు నుంచి ప్రభుత్వం నడుపుతున్న ఈ టెలీమానస్ అనే మానసిక ఆరోగ్య సహాయవాణిలో రాత్రీ పగలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. చనిపోవాలనిపిస్తోందా అని వాణ్ని నేరుగా, మెత్తగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది తల్లులు భయపడతారు, కానీ అడిగినందువల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. మిర్చి, పత్తి పండించే ఇల్లు మీది. పురుగుమందు డబ్బా ఒక్కటి కూడా ఇంట్లో గాని పశువుల కొట్టంలో గాని ఉండకుండా ఈ రోజే వేరే చోటికి పంపించి తాళం వేయించండి.

ఇక అసలు సంగతికి వస్తాను. 'నాలుగేళ్లుగా మేమిద్దరం నేరుగా మాట్లాడుకోం, ఏదున్నా బాబుతోనే చెప్పిస్తాం' అని ఒక్క వాక్యం రాసి మీరు దాటిపోయారు. నేను దాటలేకపోయాను. పదమూడేళ్ల వయసు నుంచి ఆ పిల్లవాడు ఒకే ఇంట్లో ఉన్న ఇద్దరు పెద్దల మధ్య కబుర్లు మోస్తున్నాడు. కరెంటు బిల్లు కట్టమని చెప్పు, ఫీజు మీ నాన్ననే అడుగు, మీ అమ్మను అన్నం పెట్టమను అంటూ మీరిద్దరూ అన్న మాటలను వాడు అన్నవి అన్నట్టు చెప్పి ఉండడు. అలా చెబితే ఇంట్లో ఏమవుతుందో వాడికి తెలుసు కనుక, వాటిలోని విసురు తీసేసి చెప్పి ఉంటాడు. ఆ తీసేసిన విసురంతా వాడిలోనే ఉండిపోయింది. ఇద్దరి మధ్య ఉద్రిక్తత భరించలేనిదైనప్పుడు వాళ్లు మూడో మనిషిని అందులోకి లాగుతారనీ, కుటుంబాల్లో ఆ మూడో మనిషి తరచు బిడ్డే అవుతాడనీ అమెరికన్ మానసిక వైద్యుడు ముర్రే బోవెన్ ఎప్పుడో చెప్పాడు. మనుషులకు వచ్చే మానసిక రుగ్మతల్లో దాదాపు సగం 18 ఏళ్లలోపే మొదలవుతాయి, మీ వాడికి ఇప్పుడు 17.

తెల్లవారుజాము దాకా వాడు ఎందుకు మేలుకొని ఉంటున్నాడో ఆలోచించారా? అది మీరిద్దరూ నిద్రపోయే వేళ, వాణ్ని ఎవరూ ఎవరి దగ్గరికీ పంపని వేళ. కంచం విసిరిన రోజు తండ్రి అడిగిందేమిటో కూడా మీ ఉత్తరంలోనే ఉంది. 'పొలం కాగితాలు మీ అమ్మ ఎక్కడ పెట్టిందో కనుక్కో' అన్నారు. వాడు కంచం విసరడాన్ని మీరు తిండి దగ్గర పొగరు అన్నారు. ఇక ఈ పని నావల్ల కాదని చెప్పడానికి వాడికి అప్పుడు దొరికిన దారి అదేనని నాకు అనిపిస్తోంది.

పొలం విషయంలో న్యాయం మీ వైపే ఉంది. పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద మీకిచ్చిన ఎకరాన్ని, మిమ్మల్ని ఒప్పించకుండా తన తమ్ముడి వ్యాపారం కోసం అమ్మించడం మీ వారి తప్పు. 1956 హిందూ వారసత్వ చట్టంలోని 14వ సెక్షన్ అటువంటి ఆస్తి మీద స్త్రీకి పూర్తి హక్కు ఇచ్చింది. ఆయనను క్షమించమని మీకు నేను చెప్పను; ఆడది ఓర్చుకుంటేనే ఇల్లు నిలుస్తుందన్న మాట నేనెన్నడూ ఒప్పుకోలేదు. కావాలంటే పెద్దమనుషుల్లో పెట్టండి, వకీలును కలవండి, ఆ డబ్బు మీ పేరున వేయమని గట్టిగా అడగండి. అడగవలసింది మాత్రం మీ భర్తను. 'నువ్వైనా మీ నాన్నలా కావద్దు' అని రోజూ వాడికి చెబుతున్నానని గర్వంగా రాశారు. నడక, గొంతు, మొండితనం అన్నీ తండ్రివేనని కూడా మీరే రాశారు. ఆ రెండు మాటలూ కలిపి వింటే వాడికి తన గురించి ఏమి అర్థమవుతుంది?

మీ వారి బాధ్యత తక్కువని నేననడం లేదు. ఆయనే ఈ ఉత్తరం రాసి ఉంటే ఇంతకన్నా కఠినంగా జవాబిచ్చేదాన్ని. రాసినది మీరు కాబట్టి మొదటి అడుగు మిమ్మల్ని వేయమంటున్నాను, అది ఓడిపోవడమని అనుకోకండి. వైద్యుడి దగ్గరికి ఇద్దరూ కలిసి తీసుకువెళ్లండి. వెళ్లేముందు ఇద్దరూ వాడి ఎదుట నిలబడి, 'ఇకమీదట మా మాటలు నీతో చెప్పించము, మా తగాదా మేమే తేల్చుకుంటాము, అది నీవల్ల వచ్చింది కాదు' అని చెప్పండి. వాడు నమ్మడు. కొన్ని వారాల పాటు మీరిద్దరూ దాని ప్రకారం నడుచుకోవడం చూశాకే నమ్ముతాడు, అంతవరకు కసురుకున్నా తలుపు వేసుకున్నా ఓపిక పట్టండి.

చదువు మాట వైద్యుడు సరేనన్న తర్వాత చూద్దాం. విశాఖపట్నంలో ఒక నీట్ విద్యార్థిని మరణించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో ఇచ్చిన తీర్పు ప్రకారం, 100 మంది, అంతకన్నా ఎక్కువ మంది విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా అర్హత ఉన్న కౌన్సెలర్‌ను ఏర్పాటు చేయాలి. మీ అబ్బాయి తిరిగి వెళితే వాళ్ల కాలేజీలో ఆ మనిషి ఎవరో అడిగి తెలుసుకోండి. వెళ్లలేకపోతే ఒక ఏడాది పోతుంది, పోనివ్వండి.

బాబు గదిలోంచి రావడం లేదు కనుక ఇప్పుడు ఎనిమిదో తరగతి చదివే పాపతో కబుర్లు పంపిస్తున్నానని రాశారు. అది ఈ రోజుతో ఆపేయండి. ఆసుపత్రికి ఏ రోజు వెళ్లాలో మీ వారితో మాట్లాడాలి కదా, ఆ మాట పాపతో చెప్పించకుండా ఆయన ఇంటికి రాగానే మీరే అడగండి.