ఆటుపోట్లు అని రాసేముందు

అమ్మీ,

నువ్వు పంపిన ఐటెం చదివినా. చేరిన నెలకే పేపర్లో పేరు పడిందని మీ అమ్మ వీధంతా చూపించుకుంటా ఉండాది. కానీ ఒక్క లైను కాడ ఆగిపోయినా. "నష్టాల ఆటుపోట్లతో మిల్లు మూతబడింది" అని రాసినావే, అది కుదర్లేదమ్మీ.

ఆటుపోట్లలో రెండు మాటలుండాయి. పోటంటే సముద్రం గట్టు మీదికి ఎక్కడం, ఆటంటే వెనక్కి తగ్గడం. మన తిరుపతోళ్ళకి పోటంటే కొండమీద లడ్డూలు చేసే చోటు, లేదంటే గుండెపోటు, కత్తిపోటు, అందుకే ఆటుపోట్లన్నా ఏదో దెబ్బేలే అనుకోని కష్టాలు అనాల్సిన చోటంతా ఇదే వాడేస్తా ఉండారు.

ఒకసారి పౌర్ణమి రోజు సముద్రం ఒడ్డునుండే దుగరాజపట్నం వైపు పోయినా. మధ్యాహ్నం అన్నం తిని చూస్తే ఒక పడవ బురదలో పక్కకి ఒరిగి ఉండె, దాన్ని కట్టిన గుంజకి మోకాలెత్తున తడి మచ్చ, ఆపైన ఎండిన ఉప్పు. చీకటి పడేసరికి అదే పడవ నీళ్ళమీద ఊగతా ఉండాది, ఎవురూ తోయలా, గుంజ మీద మచ్చ కనపళ్ళా. "పోటెక్కింది సార్" అని ఒక పెద్దాయన వల సర్దుకోని పోయినాడు. అంతే, నాకు ఆ మాట అప్పుడు అర్థమైంది.

చంద్రుడు లాగేదానికి, సూర్యుడు కూడా కొంచెం, నీళ్ళు ఆరు గంటల పైచిలుకు ఎక్కతాయి, మళ్ళీ అంతసేపు దిగతాయి, రోజుకి సుమారు 50 నిమిషాలు లేటవతా పోతాది. అమావాస్య పౌర్ణమికి జోరు, అష్టమికి నెమ్మది. గాలికి లేచేది అల, తుఫానుకి ఊర్లమీదికొచ్చేది ఉప్పెన, వీటిని దీంతో కలపొద్దు.

కాబట్టి పోయింది తిరిగొచ్చే చోటే ఈ మాట పెట్టు. 2023లో మదనపల్లె టమాటా చూడు, జూలైలో కిలో 100 దాటె, సెప్టెంబరుకి 20 లోపుకి పడె, దానికి ఆటుపోట్లు అంటే అతికినట్టు ఉంటాది. మిల్లు మూతబడింది, ఇంక తెరవరు, దానికి "వరుస నష్టాలతో" చాలు. ఇంకోటి, "అటుపోట్లు" అని దీర్ఘం మింగేయొద్దు, టైపింగులో అందరూ చేసే తప్పే అది.

దీపావళి అమావాస్యకి లీవు పెట్టుకోని రా, మధ్యాహ్నానికి దుగరాజపట్నంలో ఉండేట్టు పోదాం, ఆ గుంజ చూపిస్తా.

మీ మామ