ట్యూటర్ జవాబు చెప్పరు, ఎంత చదవాలో తెలియదు

ప్రశ్న: మెడిసిన్ మొదటి ఏడాది చదువుతున్నాను. మా దగ్గర లెక్చర్లు తక్కువ, పీబీఎల్ (ప్రాబ్లమ్ బేస్డ్ లెర్నింగ్, అంటే సమస్య ఆధారంగా నేర్చుకోవడం) ఎక్కువ. ఎనిమిది మందిని కూర్చోబెట్టి ఒక కేసు ఇస్తారు. ట్యూటర్‌ని ఏమడిగినా ఎదురు ప్రశ్న వేస్తారు. ఎంతవరకు చదవాలో తెలియక టెన్షన్‌గా ఉంది. గ్రూపులో నోరు విప్పలేకపోతున్నాను. వెనకబడిపోతానా?

జవాబు: ట్యూటర్ దాటవేస్తున్నారని అనుకోకండి, ఈ పద్ధతిలో వారి పనే అది. 1969లో కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీలో ఇది మొదలైనప్పుడూ ఉద్దేశం ఇదే: ముందు సమస్య, దాని వెనకే చదువు. అయితే కొందరు ట్యూటర్లు మరీ మౌనంగా కూర్చుంటారు. గ్రూపు దారి తప్పుతున్నా పలకకపోతే అది పద్ధతి తప్పు కాదు, ట్యూటర్ లోపం.

ఎంత చదవాలన్నదే మీ అసలు సమస్య. దానికి కొలత కేసులోనే ఉంటుంది. రాత్రి పడుకోగానే ఆయాసం, లేచి కూర్చుంటే తగ్గడం, కాళ్ల వాపు... ఇదీ కేసు అనుకుందాం. గుండె గురించి పుస్తకమంతా చదవాలని కూర్చుంటే తెల్లారిపోతుంది. పడుకున్నప్పుడే ఆయాసం ఎందుకు? కాళ్ల వైపు నుంచి గుండెకు వచ్చే రక్తం పెరుగుతుంది, బలహీనపడిన గుండె దాన్ని ముందుకు నెట్టలేదు, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగి నీరు చేరుతుంది. కేసులోని ప్రతి లక్షణానికీ ఇలా 'ఎందుకు' చెప్పగలిగితే ఆ రోజుకు పుస్తకం మూసేయొచ్చు.

చాలా గ్రూపులు చేసే పొరపాటు ఒకటుంది. టాపిక్‌లు పంచుకుని, ఎవరి ముక్క వాళ్లు చదివి, స్లయిడ్లు అప్పజెప్తారు. అప్పుడు మిగతా ఏడు ముక్కలూ మీకు విన్న కబుర్లే. అందరూ అన్నీ చదివి వస్తేనే చర్చ నడుస్తుంది.

మాట్లాడటానికి ముందు బోర్డు దగ్గర రాసే పని తీసుకోండి. రాస్తున్నవాళ్లు "ఇది దానికి ఎలా దారితీస్తుంది?" అని అడగక తప్పదు. మొదటి సెషన్‌లో "నాకు తెలియదు" అనడం తప్పు కాదు. చదవాల్సిన జాబితా తయారయ్యేది ఆ మాటల నుంచే.

పరీక్షల సంగతికొస్తే, 1993లో వెలువడిన సమీక్షల ప్రకారం పీబీఎల్ విద్యార్థులు క్లినికల్ పనిలో ముందున్నా బేసిక్ సైన్సుల్లో కాస్త వెనకబడే అవకాశం ఉంది. కాబట్టి అనాటమీ, బయోకెమిస్ట్రీలో ఏ కేసులోనూ రాని అంశాలను సిలబస్‌లో గుర్తుపెట్టుకుని వారానికోసారి విడిగా చదవండి.

సెషన్ అయ్యాక ట్యూటర్ దగ్గరకెళ్లి "ఇవాళ నేను ఎలా చేశాను?" అని అడగండి. దానికి మాత్రం ఎదురు ప్రశ్న వేయరనే అనుకుంటున్నాను.