స్లాబుకు, పునాదికి ఎంత స్టీలు పడుతుందో మనమే లెక్క వేసుకోవచ్చా?

గుంటూరులో ఇల్లు కడుతూ, మేస్త్రి చెప్పిన టన్నులు నమ్మాలా అని అడిగారు. నమ్మండి, కానీ ముందు లెక్క మీరే వేసుకోండి. గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే: రాడ్డు మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. 8 ఎం.ఎం.కి 0.395, 10కి 0.617, 12కి 0.89.

10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవున్న గది చూడండి. వెడల్పు వైపు 10 ఎం.ఎం. రాడ్లు 6 అంగుళాలకొకటి పెడితే 25 రాడ్లు. గోడల మీద కూర్చునే భాగంతో కలిపి ఒక్కోటి 11.5 అడుగులు. అన్నీ కలిపి సుమారు 88 మీటర్లు, అంటే 54 కిలోలు. అడ్డంగా 8 ఎం.ఎం. రాడ్లు 8 అంగుళాలకొకటి చొప్పున 16 పడతాయి, మరో 26 కిలోలు. మొత్తం 80. పైన వేసే ఎక్స్‌ట్రా రాడ్లు, అతుకులు, తరుగు వేరే. అతుకు దగ్గర రాడ్డు మందానికి 50 రెట్లు పొడవు ఒకదానిమీద ఒకటి రావాలి. చాలామంది మరిచిపోయేది ఇదే.

పునాదికి మాత్రం అంచనాలతో సరిపెట్టకండి. మీది నల్లరేగడి నేలైతే తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. మట్టి పరీక్ష చేయించి, ఇంజనీరు ఇచ్చిన డ్రాయింగులో రాడ్లు లెక్కపెట్టండి.

లోడు వచ్చినప్పుడు కాటా చీటీ తప్పకుండా తీసుకోండి. మా ఇంటికి విజయవాడలో అలా సరిచూస్తేనే తేడా బయటపడింది.