టెక్ సందేహాలు: బూట్‌స్ట్రాప్ కలిపినా ఫోన్‌లో మెనూ తెరుచుకోవట్లేదు, ఎందుకు?

ప్రశ్న: డిగ్రీ ఫైనలియర్ చదువుతున్నాను. మా వీధిలో ట్యూషన్ సెంటర్ వాళ్ల కోసం ఫీజుల లెక్కలు రాసుకునే చిన్న వెబ్ అప్లికేషన్‌ను జాంగో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్)లో చేశాను. పని బాగానే చేస్తోంది కానీ చూడ్డానికి మరీ బోసిగా ఉంది. ఒక వీడియో చూసి, పేజీలకు రెడీమేడ్ రూపం ఇచ్చే బూట్‌స్ట్రాప్ 5 లింకు పెట్టాను. అక్షరాల తీరు మారింది గానీ ఫారాలు మాత్రం పాతవాటిలాగే ఉన్నాయి. ఫోన్‌లో మెనూ బటన్ కనిపిస్తోంది, నొక్కితే ఏమీ కావట్లేదు. ఎక్కడ తప్పు చేశాను సర్?
– ఒక విద్యార్థిని, కాకినాడ

జవాబు: అక్షరాల తీరు మారిందంటే పేజీ రూపాన్ని నిర్ణయించే బూట్‌స్ట్రాప్ సీఎస్ఎస్ ఫైలు బ్రౌజర్‌కు అందినట్టే. కాబట్టి లింకు గురించి టెన్షన్ వద్దు.

ముందు మెనూ సంగతి చూద్దాం. అప్పట్లో ట్విటర్‌లో పనిచేస్తున్న మార్క్ ఒట్టో, జేకబ్ థార్న్‌టన్ తయారుచేసిన బూట్‌స్ట్రాప్ 2011లో బయటికొచ్చింది. నాలుగో వెర్షన్ 2018లో, అయిదోది 2021లో వచ్చాయి. అయిదులో జేక్వెరీ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ అవసరం పోయింది, దాంతోపాటు చాలా పేర్లు మారాయి. నాలుగులో ‘డేటా-టాగుల్’, ‘డేటా-టార్గెట్’ అని రాసేవాళ్లం. అయిదులో ఆ రెండింటికీ మధ్యలో ‘బీఎస్’ చేరి ‘డేటా-బీఎస్-టాగుల్’, ‘డేటా-బీఎస్-టార్గెట్’ అయ్యాయి. మీరు చూసిన వీడియో పాత వెర్షన్‌దై ఉంటుంది. లింకు అయిదుది, మెనూ కోడ్ నాలుగుది అయితే బటన్ కనిపిస్తుంది కానీ పలకదు. ఎర్రర్ కూడా రాదు కాబట్టి ఎక్కడ వెతకాలో తోచదు. ఈ ఒక్క కారణంతో ఎంతమంది పిల్లలు రాత్రుళ్లు కూర్చుని తల పట్టుకుంటున్నారో! ఫ్రేమ్‌వర్క్ ఏదైనా సరే, వీడియోలో మొదట వెర్షన్ నంబర్ చూడండి. బూట్‌స్ట్రాప్ అధికారిక డాక్యుమెంటేషన్ పేజీలోనూ పైన వెర్షన్ ఎంచుకునే మెనూ ఉంటుంది.

పేర్లు సరిచేశాక కూడా తెరుచుకోకపోతే జావాస్క్రిప్ట్ ఫైలు పెట్టారో లేదో చూడండి. సీఎస్ఎస్ లింకు ఒక్కటే చాలదు, మెనూను తెరిచేది జావాస్క్రిప్టే. ‘బండిల్’ అని ఉన్న జావాస్క్రిప్ట్ ఫైలును బాడీ ట్యాగ్ ముగిసే ముందు పెట్టండి. డ్రాప్‌డౌన్‌లను సరైన చోట చూపించే పాపర్ లైబ్రరీ కూడా అందులోనే ఉంటుంది. ఇంకో చిక్కు: ఆ లింకుల్లో ‘ఇంటెగ్రిటీ’ అని ఒక పొడుగాటి అక్షరాల వరస ఉంటుంది, చూశారా? అది ఆ ఫైలు వేలిముద్ర. లింకులో వెర్షన్ నంబర్ మార్చి, ఆ వరసను పాతదే ఉంచేస్తే, రెండూ కలవడం లేదని బ్రౌజర్ ఆ ఫైలును ఆపేస్తుంది. నంబర్ మార్చాలంటే లింకు మొత్తం కొత్తగా తెచ్చి అతికించండి.

ఇక ఫారాలు. జాంగో తయారుచేసే ఇన్‌పుట్ పెట్టెలకు దానంతట అది ఏ సీఎస్ఎస్ క్లాసూ (రూపాన్ని ఎంచే పేరు) తగిలించదు. బూట్‌స్ట్రాప్ ఏమో ‘ఫామ్-కంట్రోల్’ క్లాస్ ఉన్న పెట్టెలనే ముస్తాబు చేస్తుంది. ఎంపిక జాబితాలకైతే ‘ఫామ్-సెలెక్ట్’ కావాలి. ఫారాలు ఒకటో రెండో ఉంటే మీ పైథాన్ ఫామ్ క్లాసులోనే ప్రతి విడ్జెట్ (ఇన్‌పుట్ పెట్టె) యాట్రిబ్యూట్లలో ఈ సీఎస్ఎస్ క్లాసు పేరు ఇస్తే సరిపోతుంది. ఎక్కువుంటే క్రిస్పీ ఫామ్స్ ప్యాకేజీ, దానికి జతగా క్రిస్పీ బూట్‌స్ట్రాప్ 5 ప్యాకేజీ వేసుకోండి.

చాలామంది చేసే పని ఒకటుంది, అది మాత్రం చేయకండి. జాంగో ఫారాన్ని తీసేసి, బూట్‌స్ట్రాప్ పేజీలోని అందమైన ఫారం కోడ్‌ను అతికిస్తారు. చూడ్డానికి బాగుంటుంది. కానీ ఫీజు అంకె తప్పు కొట్టినప్పుడు రావలసిన ఎర్రర్ సందేశం రాదు, నింపిన వివరాలు కూడా చెరిగిపోతాయి. ఫారం మీ పేజీ నుంచే వచ్చిందని రుజువు చేసే సీఎస్ఆర్ఎఫ్ టోకెన్ మరచిపోతే జాంగో ఆ ఫారాన్ని తిరస్కరిస్తుంది. రోజూ దాంట్లో ఫీజులు ఎక్కించే మనిషికి అందం కంటే ఆ ఎర్రర్ సందేశమే ముఖ్యం. బూట్‌స్ట్రాప్‌లో ఆ సందేశం పెట్టే ‘ఇన్‌వాలిడ్-ఫీడ్‌బ్యాక్’ మామూలుగా దాగి ఉంటుంది. దానికి ముందున్న పెట్టెకు ‘ఈజ్-ఇన్‌వాలిడ్’ క్లాస్ పడినప్పుడే బయటికొస్తుంది. క్రిస్పీ ఇవన్నీ తానే చూసుకుంటుంది.

లింకులు ప్రతి టెంప్లేటులోనూ రాయకుండా ఒక బేస్ టెంప్లేటులో పెట్టి, మిగిలినవన్నీ దాన్ని ఎక్స్‌టెండ్ చేసేలా మార్చుకోండి. మీ సొంత సీఎస్ఎస్ లింకు బూట్‌స్ట్రాప్ లింకు కిందే ఉండాలి. ట్యూషన్ సెంటర్‌లో నెట్ వస్తూ పోతూ ఉంటే బూట్‌స్ట్రాప్ ఫైళ్లను దింపి మీ స్టాటిక్ ఫోల్డర్‌లోనే పెట్టుకోవడం మేలు. కాకపోతే సెట్టింగ్స్‌లో డీబగ్ ఆపేశాక జాంగో స్టాటిక్ ఫైళ్లను (సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్ వంటివి) తానుగా అందించదు. ఆ ఫైళ్లను ఒకచోట చేర్చే కలెక్ట్‌స్టాటిక్ ఆదేశం నడిపి, వాటిని అందించే వైట్‌నాయిస్ లాంటి ప్యాకేజీ పెట్టుకోండి. లేకపోతే అప్లికేషన్‌ను సర్వర్‌కు ఎక్కించిన రోజున పేజీ మళ్లీ బోసిగా కనిపిస్తుంది.

ప్రశ్న: మా ఊరి గ్రంథాలయం కోసం పూర్తిగా తెలుగులో ఒక వెబ్ అప్లికేషన్ చేస్తున్నాను. బూట్‌స్ట్రాప్ పెట్టాక శీర్షికల్లో పై వరస వత్తులు కింది వరస గుడులకు తగులుతున్నాయి. పుస్తకాల పేర్లు ఉన్న కార్డుల్లో అయితే వత్తులు సగానికి తెగిపోతున్నాయి. ఫాంట్ సమస్యా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఫాంట్ తప్పు కాదండీ, వరసల మధ్య ఎడం చాలట్లేదు. బూట్‌స్ట్రాప్ శీర్షికలకు లైన్-హైట్ (అక్షరం సైజుకు ఎన్ని రెట్లు వరస ఎత్తు) 1.2, మామూలు పాఠానికి 1.5 ఇస్తుంది. ఇంగ్లిషుకు ఇది చక్కగా సరిపోతుంది. మనకు పైన గుడి, కింద వత్తు, ఒక్కోసారి వత్తు కింద ఇంకో వత్తు. ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ అని రాసి చూడండి, ఎంత చోటు కావాలో తెలుస్తుంది. మీ సీఎస్ఎస్‌లో మామూలు పాఠానికి 1.8, శీర్షికలకు 1.5 ఇచ్చి మొదలుపెట్టండి. మీ ఫాంట్‌ను బట్టి అటూఇటూ సర్దుకోవచ్చు.

కార్డుల్లో తెగిపోవడానికి కారణం ‘టెక్స్ట్-ట్రంకేట్’ క్లాస్ అయి ఉండాలి. పొడుగు పేర్లను ఒక్క వరసకు కత్తిరించడానికి అది పెట్టె దాటినదాన్నంతా దాచేస్తుంది. ఆ దాచేసినదాంట్లో మన వత్తులూ పోతాయి. ఆ క్లాస్ తీసేసి పేరును రెండు వరసల్లో రానివ్వండి. పుస్తకం పేరు పూర్తిగా కనిపించడమే పాఠకుడికి కావలసింది.

ఫాంట్ విషయమూ చూసుకోండి. బూట్‌స్ట్రాప్ ఇచ్చే ఫాంట్ల జాబితాలో తెలుగు కోసం పెట్టినదేదీ లేదు. అందుకే విండోస్‌లో నిర్మలా, ఆండ్రాయిడ్‌లో నోటో సాన్స్ తెలుగు, ఇలా ఎక్కడికక్కడ ఉన్నది పడుతుంది. అన్నిచోట్లా ఒకేలా కనిపించాలంటే నోటో సాన్స్ తెలుగునో మండలినో వెబ్ ఫాంట్‌గా తెచ్చి, జాబితాలో మొదట పెట్టండి. శీర్షికలకు రామభద్ర నిండుగా ఉంటుంది. పేజీ భాషను ‘టీఈ’ అని ప్రకటించడం మరవద్దు. చూపులేనివారికి పేజీ చదివిపెట్టే స్క్రీన్ రీడర్ దాన్ని చూసే తెలుగు గొంతు ఎంచుకుంటుంది.

మన మాటలు పొడుగు కాబట్టి, పేజీ వెడల్పును బూట్‌స్ట్రాప్ పంచే పన్నెండు గడుల గ్రిడ్‌లో రెండు గడుల నిలువు వరసలు మనకు ఇరుకు. ‘పునరుద్ధరించండి’ అనే బటన్‌ను అందులో పెట్టి చూస్తే మీకే అర్థమవుతుంది. కనీసం మూడు గడులు ఇవ్వండి, ఫోన్‌లో అయితే పూర్తి వెడల్పు ఇచ్చేయండి.

ప్రశ్న: టెయిల్‌విండ్ (బూట్‌స్ట్రాప్ లాంటిదే మరో సీఎస్ఎస్ ఫ్రేమ్‌వర్క్) వాడుతున్నాను. డేటాబేస్‌లోంచి వచ్చే రంగు పేరును క్లాస్ పేరులో కలుపుతున్నాను. రంగు పడట్లేదు.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: టెయిల్‌విండ్ మీ ఫైళ్లను మామూలు పాఠంలా చదివి, అందులో పూర్తిగా కనిపించిన క్లాసులకే సీఎస్ఎస్ తయారుచేస్తుంది. ముక్కలు కలిపి పుట్టించిన పేరు దానికి కనిపించదు. ఉదాహరణకు ఫీజు ‘కట్టారు’ అయితే ఈ పూర్తి క్లాస్, ‘బాకీ’ అయితే ఆ పూర్తి క్లాస్ అని కోడ్‌లో ఒక చిన్న పట్టిక రాసుకుని, అందులోంచి తీసుకోండి.