గేటు బయట నిలబడి రాసేవాడికి

తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది. ఒక ఫుట్‌బాల్ క్లబ్ మీడియా విభాగంలో ఉద్యోగం వచ్చేలా ఉంది, చేరిపోనా, బయటే ఉండి రాసుకోనా అని అడిగావు. చేరినా తప్పేం లేదు. నెల నెలా జీతం వస్తుంది. కెమెరా పట్టడం, గంటలో వీడియో కోసి ఎక్కించడం, ఆటగాళ్లతో మాట కలపడం అన్నీ వాళ్లే నేర్పుతారు. కాకపోతే అక్కడ చేసేది ప్రచారం. మంచి ప్రచారం చేయడం కూడా ఒక విద్యే గానీ, దానికి జర్నలిజం అని పేరు పెట్టుకోకు. సంతకం పెట్టే ముందు గోప్యత క్లాజు రెండుసార్లు చదువు. ఉద్యోగం మానేశాక ఎన్నేళ్లు నోరు విప్పకూడదో అందులో ఉంటుంది. గడువు రాయకుండా వదిలేశారంటే, రేపు ఆ క్లబ్ గురించి విలేఖరిగా రాసే దారిని ఇవాళే మూసుకుంటున్నావన్నమాట.

బయట ఉండి రాస్తానంటావా, అయితే మిగతా ఉత్తరం చదువు.

క్లబ్ చానెళ్లు నిన్న మొన్న పుట్టినవి కావు. మాంచెస్టర్ యునైటెడ్ వాళ్ల ఎంయూటీవీ 1998లో మొదలైంది. మరుసటి ఏడాదే రియల్ మాడ్రిడ్, బార్సిలోనా కూడా సొంత టీవీలు పెట్టుకున్నాయి. వీటిలో అన్నీ అబద్ధాలే చెబుతారని కొత్తవాళ్లు అనుకుంటారు. నిజానికి పచ్చి అబద్ధం అరుదు, ఎందుకంటే దొరికిపోతామని వాళ్లకూ తెలుసు. అక్కడ కనిపించనిది రెండో ప్రశ్న. "మోకాలు ఎలా ఉంది?" అని అడుగుతారు. "పరవాలేదు, ముందు జాగ్రత్తగా ఆపాం" అంటాడు మేనేజర్. స్కాన్ ఎప్పుడు తీశారు, అందులో ఏం తేలింది, మొన్న ఇంజెక్షన్ ఇచ్చి ఆడించారా అని ఎవరూ అడగరు. మాట అక్కడికి వచ్చేసరికి కొత్త జెర్సీ మీదికి మళ్లుతుంది.

2021 ఏప్రిల్ 18 ఆదివారం రాత్రి యూరప్‌లోని 12 పెద్ద క్లబ్బులు తమకంటూ వేరే పోటీ, సూపర్ లీగ్, పెట్టుకుంటున్నామన్న ప్రకటనను తమ సైట్లలో పెట్టాయి. ఇంగ్లండ్ క్లబ్బుల యజమానులెవరూ విలేఖరుల ముందుకు రాలేదు. మర్నాడు లీడ్స్‌తో మ్యాచ్ ఉంది కాబట్టి ప్రసార ఒప్పందం ప్రకారం లివర్‌పూల్ మేనేజర్ క్లాప్ స్కై టీవీ మైకు ముందు నిలబడక తప్పలేదు. ఈ సంగతి తనకూ నిన్ననే తెలిసిందని ఆయన చెప్పేశాడు. జట్టులోని మిల్నర్ అయితే తనకిది నచ్చలేదనే అన్నాడు. మూడో రోజుకి ఆ పథకం కూలిపోయింది. అప్పుడు యజమాని జాన్ హెన్రీ క్షమాపణ చెప్పాడు, ఎక్కడ? క్లబ్ సొంత వీడియోలో, ఎదురుగా ప్రశ్న అడిగే మనిషి లేకుండా. ఈ రెండు వీడియోలూ పక్కపక్కన పెట్టుకుని చూడు. ఎవరి దగ్గర మైకు ఉంటే ఏం బయటికొస్తుందో తెలుస్తుంది.

క్లబ్ చానెల్ ఎప్పుడూ మెత్తగానే ఉంటుందనుకోకు. రియల్ మాడ్రిడ్ టీవీ మ్యాచ్‌కి ముందు ఆ రోజు రిఫరీ తప్పులు ఏరి వీడియోలు వేస్తుంది. 2025 ఏప్రిల్‌లో స్పెయిన్ కప్ పోటీ కోపా దెల్ రే ఫైనల్ ముందు రోజు, ఆ మ్యాచ్ రిఫరీ విలేఖరుల ముందే కంటతడి పెట్టాడు. మీ నాన్న దొంగ అని బడిలో అంటుంటే కొడుకు ఏడుస్తూ ఇంటికొస్తున్నాడని చెప్పాడు.

అయితే తమ్ముడూ, క్లబ్ చానెల్ కంటే నాకు ఎక్కువ భయం వేసేది వేరే ఉంది. చానెల్ మీద క్లబ్ ముద్ర కనిపిస్తూనే ఉంటుంది, చదివేవాడు జాగ్రత్త పడతాడు. ఒకే సాయంత్రం ఆరు పత్రికల్లో "క్లబ్ వర్గాల ప్రకారం మేనేజర్ మీద యాజమాన్యానికి పూర్తి నమ్మకం ఉంది" అని ఒకే వాక్యం వస్తే, అది కూడా క్లబ్ మీడియానే. ముద్ర మాత్రం లేదు. ఆటగాళ్లు క్లబ్ మారే బదిలీల వార్తలు ఇంకా ఘోరం. ఫలానా పెద్ద క్లబ్ తన ఆటగాడి మీద కన్నేసిందని ఏజెంట్ చెబుతాడు. ఆ ఆటగాడి కాంట్రాక్టు ఇంకో ఏడాదిలో ముగుస్తుందని, జీతం పెంచమని అతను బేరంలో ఉన్నాడని మాత్రం చెప్పడు. ఎవరు ఏం చెప్పినా నోట్‌బుక్‌లో ఆ మాట పక్కనే ఇది బయటికొస్తే ఎవరికి లాభమో రాసుకో. ఆ జవాబు తెలియకుండా వార్త పంపకు. ఒకడు చెప్పిన దాన్ని రెండో మనిషితో ధ్రువపరచుకో. ఆ రెండో మనిషి మొదటివాడి దగ్గర విన్నవాడైతే లెక్కలోకి రాడు.

ప్రెస్ కాన్ఫరెన్స్ గురించి ఎక్కువ చెప్పను. ఇంగ్లండ్‌లో ముందు టీవీ వాళ్ల భాగం, తర్వాత రాసేవాళ్ల భాగం ఉంటాయి. రెండోది సాధారణంగా రాత్రి 10:30 దాకా ఎంబార్గోలో ఉంటుంది, అంటే అప్పటిదాకా బయటపెట్టకూడదు. దాన్ని ఉల్లంఘించకు, తోటివాళ్ల కడుపు కొట్టినట్టే. ప్రశ్న ఒక్కటే అడుగు, పొట్టిగా అడుగు, అవును కాదు అని తప్పించుకోలేనిది అడుగు. నీ ముందు వాడి ప్రశ్నకు జవాబు రాకపోతే నీది పక్కన పెట్టి అతనిదే మళ్లీ అడుగు. ఈ ఒక్క అలవాటు ఉంటే మీడియా ఆఫీసర్ పని సగం కష్టమవుతుంది.

అసలు సరుకు ఆ గదిలో దొరకదు, కాగితాల్లో దొరుకుతుంది. అక్కడికి పోవడానికి పాస్ అక్కర్లేదు. ఇంగ్లండ్ క్లబ్బులు కూడా కంపెనీలే కాబట్టి వార్షిక లెక్కలు కంపెనీస్ హౌస్ అనే ప్రభుత్వ నమోదు కార్యాలయంలో దాఖలు చేయాలి. ప్రైవేటు కంపెనీకి ఆర్థిక సంవత్సరం ముగిశాక 9 నెలల గడువు. 2015 నుంచి ఆ పత్రాలు ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు. మొదట క్లబ్ పేరున్న కంపెనీ తెరిచి, దాని పైన ఏ కంపెనీ ఉంది, ఆ పైన ఇంకేం ఉంది అని చివరిదాకా ఎక్కు. అప్పులు చాలాసార్లు పై అంతస్తులో ఉంటాయి. తర్వాత తాకట్టుల జాబితా చూడు. ఆస్తి మీద అప్పు తెస్తే ఆ తాకట్టును 21 రోజుల్లో నమోదు చేయాలి. క్లబ్ పత్రికా ప్రకటనలో ఎన్నడూ రాని అప్పులవాడి పేరు అక్కడ ఉంటుంది.

లెక్కల పుస్తకంలో చైర్మన్ సందేశం దాటేసి వెనక ఉండే వివరణల్లోకి వెళ్లు. బ్యాలెన్స్ షీట్ తేదీ తర్వాతి సంఘటనలు అనే వివరణలో, ఏడాది ముగిశాక కొన్న ఆటగాళ్ల మీద మొత్తం ఎంత ఖర్చు పెట్టారో తరచుగా ఉంటుంది. వెల్లడించని మొత్తానికి కొన్నామని క్లబ్ సైటు గుట్టుగా చెప్పిన ధరకు నువ్వు అలా దగ్గరికి రావచ్చు. సంబంధిత పక్షాలతో లావాదేవీల వివరణలో యజమాని సొంత కంపెనీలకు పోయిన డబ్బు ఉంటుంది. కొత్తవాళ్లు తప్పు చేసేది బదిలీ ధర దగ్గర. 6 కోట్ల పౌండ్లకు కొని 5 ఏళ్ల కాంట్రాక్టు ఇస్తే, లెక్కల్లో ఏడాదికి 1.2 కోట్ల చొప్పున పడుతుంది. ఆ ఏడాదే 6 కోట్లు నష్టం అని రాశావో, క్లబ్ పీఆర్ మనిషి నీ వార్త మొత్తాన్ని ఆ ఒక్క తప్పుతో కొట్టిపారేస్తాడు. 2023 జనవరిలో చెల్సీ ముద్రిక్‌కు ఎనిమిదిన్నరేళ్ల కాంట్రాక్టు ఎందుకిచ్చిందో ఈ భాగహారం తెలిస్తే అర్థమవుతుంది. ఆ ఏడాదే యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యూఈఎఫ్ఏ, ఇంగ్లండ్ అగ్రశ్రేణి ప్రీమియర్ లీగ్ రెండూ ధరను ఏళ్లకు పంచే ఈ సర్దుబాటుకు 5 ఏళ్ల పరిమితి పెట్టాయి.

తేదీలు చదవడం నేర్చుకో, అంకెల కంటే అవే ఎక్కువ మాట్లాడతాయి. షెఫీల్డ్ వెన్స్‌డే అనే ఇంగ్లండ్ క్లబ్ తన స్టేడియం హిల్స్‌బరోను యజమాని కంపెనీకే సుమారు 6 కోట్ల పౌండ్లకు అమ్మినట్టు 2018 జూలైతో ముగిసిన ఏడాది లెక్కల్లో చూపింది. దాంతో నష్టం కాస్తా లాభమైంది. కొన్నది షెఫీల్డ్ 3 లిమిటెడ్ అనే కంపెనీ. దాని నమోదు పత్రం తీస్తే పుట్టిన నెల 2019 జూన్! పుట్టని కంపెనీ ఏడాది ముందే స్టేడియం ఎలా కొంది? ఈ ప్రశ్నకు లోపలి మనిషి ఎవరూ అక్కర్లేదు, రెండు పత్రాలు పక్కపక్కన పెడితే చాలు. ఆ అమ్మకాన్ని ఆ ఏడాది లెక్కలో వేయడం కుదరదని 2020లో లీగ్ క్రమశిక్షణ కమిషన్ తేల్చి, నష్టాల పరిమితి దాటినందుకు 12 పాయింట్లు కోసింది. అప్పీలులో అది 6కు తగ్గింది. 2021 మేలో వెన్స్‌డే 41 పాయింట్లతో అట్టడుగున నిలిచి కింది లీగ్‌కి దిగిపోయింది, 44 పాయింట్లతో డెర్బీ అనే క్లబ్ గట్టెక్కింది. ఆ 6 ఎంత విలువైనవో నువ్వే లెక్క వేసుకో.

ఇంగ్లండ్ బయట కూడా దారులున్నాయి. మాంచెస్టర్ యునైటెడ్ న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిలో ఉంది కాబట్టి అమెరికా నియంత్రణ సంస్థకు ఏటా వివరంగా నివేదిక ఇవ్వాలి. బొరుస్సియా డార్ట్‌మండ్, యువెంటస్ కూడా లిస్టయిన క్లబ్బులే. ఫ్యాన్లకు పాటతో వీడియో వేసి ఊరుకోవచ్చు గానీ, వాటాదారులకు పెద్ద బదిలీ మొత్తాలు చెప్పక తప్పదు.

కాగితాల్లో దొరకనిది మనుషుల దగ్గర ఉంటుంది. స్టార్ ఆటగాడి నెంబరు కోసం పరిగెత్తకు. మానేసిన ఫిజియో, యువజట్టులోంచి 18 ఏళ్లకే బయటికి పంపేసిన కుర్రాడి తల్లిదండ్రులు, పచ్చిక చూసే సిబ్బంది, పాత అకౌంటెంట్, వీళ్లను కలువు. 2016 నవంబరులో ఒక మాజీ ఆటగాడు చిన్నప్పుడు కోచ్ చేసిన లైంగిక దాడి గురించి పేరు దాచుకోకుండా గార్డియన్ పత్రికకు చెప్పాడు. ఆ ఒక్క ఇంటర్వ్యూ తర్వాత ఎందరో ముందుకొచ్చారు, ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం ఎఫ్ఏ విచారణ వేసింది. ఆ డిసెంబరులోనే ఇంకో సంగతి బయటపడింది. చెల్సీ ఒక బాధితుడికి 50 వేల పౌండ్లిచ్చి, నోరు విప్పకూడదని ఒప్పందం రాయించుకుంది. తర్వాత క్షమాపణ చెప్పింది. ఇలాంటివాళ్లతో మాట్లాడేటప్పుడు ఏ మాట పేరుతో, ఏది పేరు లేకుండా, ఏది అసలు రాయకూడదు అన్నది మొదటే తేల్చుకో. మాట్లాడాక తేల్చుకుందామంటే ఇద్దరికీ చెడుతుంది.

బయటి పత్రిక అయినంత మాత్రాన నిజం రాస్తుందని కూడా అనుకోకు. అదే హిల్స్‌బరో స్టేడియంలో 97 మంది ప్రాణాలు తీసిన తొక్కిసలాట తర్వాత, 1989 ఏప్రిల్ 19న ద సన్ పత్రిక తప్పంతా లివర్‌పూల్ అభిమానులదే అన్నట్టు మొదటి పేజీలో వేసింది. ఆ మాటలు పోలీసుల వైపు నుంచి వచ్చినవి. అవి అబద్ధాలని 2012లో స్వతంత్ర ప్యానెల్ బయటపెట్టింది. లివర్‌పూల్ 2017లో ఆ పత్రిక విలేఖరులను తన మైదానంలోకి రానివ్వడం మానేసింది. ఆ నిషేధాన్ని పత్రికా స్వేచ్ఛ మీద దాడి అనడానికి నాకైతే నోరు రాదు. అధికారి చెప్పిన మాట క్లబ్‌ది కాకపోయినా అధికారి మాటే.

ఇక వార్త సిద్ధమయ్యాక చేయాల్సిన పని, చాలామంది బద్ధకించేది ఇదే. క్లబ్ స్పందన అడగడం. 2023 డిసెంబరులో మాంచెస్టర్ యునైటెడ్ నాలుగు సంస్థల విలేఖరులను మేనేజర్ టెన్ హాగ్ సమావేశానికి రానివ్వలేదు. రాసినందుకు కాదు, ముందుగా మమ్మల్ని అడగకుండా రాసినందుకు అని క్లబ్ కారణం చెప్పింది. ఆ కారణం నిజమో సాకో నాకు అనవసరం, నీ విషయంలో అది చెప్పే వీలు మాత్రం ఇవ్వకు. ప్రశ్నలు ఈమెయిల్లో, అంకెలు వేసి పంపు. ఒక్కో ప్రశ్నలో ఒక్క ఆరోపణే ఉండాలి, తేదీ, మొత్తం, పత్రం పేరు సహా. వివాదాస్పదమైన దానికి కనీసం ఒక పూర్తి పనిరోజు గడువు, లెక్కల వ్యవహారమైతే రెండు రోజులు ఇవ్వు. పంపాక ఫోన్ చేసి అందిందా అని అడుగు, ఆ సమయం రాసిపెట్టుకో. జవాబు వస్తే దాన్ని చివరి పేరాలో పాతిపెట్టకు, ఆరోపణ పక్కనే వెయ్యి.

ఇక్కడొక మెలిక ఉంది. నీ ప్రశ్నలు చూడగానే క్లబ్ తన సైటులో తనకు నచ్చినట్టు ఒక ప్రకటన పెట్టేసి, నీ వార్త రాకముందే దాని గాలి తీయగలదు. లక్షల మంది ఫోన్లలో వాళ్ల యాప్ ఉంది మరి. అందుకని ప్రశ్నలు పంపేనాటికి నీ కాపీ పూర్తయి, ఎడిటరూ లాయరూ చూసేసి ఉండాలి. వాళ్ల ప్రకటన వస్తే, దాన్నే జవాబుగా కలిపి అరగంటలో నీది బయటికి రావాలి. ఇంగ్లండ్‌లో పరువు నష్టం దావాకు గడువు ఏడాది. ఆ ఏడాదీ నోట్‌బుక్, రికార్డింగులు, ఈమెయిళ్లు ఒక్కటి కూడా పారేయకు.

ఇవన్నీ సరిగ్గా చేసినా పాస్ లాక్కోవచ్చు. 2013లో న్యూకాజిల్ యునైటెడ్, అభిమానుల నిరసన ఊరేగింపు గురించి రాసినందుకు మూడు స్థానిక పత్రికలను లోపలికి రానివ్వలేదు. అలా జరిగితే కారణం, ఎన్నాళ్లు అన్నవి రాతపూర్వకంగా అడుగు. నోటిమాట నిషేధాన్ని తర్వాత మేం అలా అనలేదు అనేస్తారు. నిషేధం సంగతి ఒక్కసారి రాయి, రోజూ రాస్తే పాఠకుడికి విసుగు. మ్యాచ్ రోజు టికెట్ కొనుక్కుని స్టాండ్‌లో కూర్చో. మేనేజర్ మాటలు క్లబ్ చానెలే వేస్తుంది, అది విను, అడగకుండా వదిలేసిన ప్రశ్నేమిటో కూడా నీ కథనంలో రాయి. 2010లో సౌతాంప్టన్ క్లబ్, పత్రికల ఫొటోగ్రాఫర్లను రానివ్వకుండా, బొమ్మలు తమ ఏజెన్సీ దగ్గరే కొనమంది. ప్లిమత్ పత్రిక ఒకటి, తమ ఊరి జట్టు అక్కడ ఆడిన మ్యాచ్‌కి కార్టూనిస్టుతో బొమ్మలు గీయించి అచ్చేసింది. క్లబ్ ఏజెన్సీ దగ్గర ఒక్క ఫొటో కొనలేదు.

ఇట్లు,
నీ అన్నయ్య