పొగ ఒక దేశానిది, పాతిపెట్టే చోటు ఇంకో దేశానిది

గత సంచికలో నార్వే వాళ్ళు పక్క దేశాల ఫ్యాక్టరీల నుంచి, భూమిని వేడెక్కించే కార్బన్ డయాక్సైడ్‌ని ఓడల్లో తెచ్చుకుని సముద్రం అడుగున పాతిపెట్టే పని మొదలుపెట్టారని రెండు ముక్కలు రాశాం. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. కొన్నింటికి ఇవీ జవాబులు.

ప్రశ్న: మా చుట్టూ అన్నీ సిమెంట్ ఫ్యాక్టరీలే. చిమ్నీలోంచి పోయే పొగని పట్టుకుని ఓడెక్కిస్తారంటే నమ్మబుద్ధి కావట్లేదండీ. నిజంగా జరుగుతోందా, కాగితాల మీదేనా?
– ఒక పాఠకుడు, హుజూర్‌నగర్

జరుగుతోందండీ. మీది సిమెంట్ ప్రాంతం కాబట్టి సిమెంటుతోనే చెబుతాను. నార్వేలో బ్రెవిక్ అనే చోట హైడెల్‌బర్గ్ మెటీరియల్స్ వాళ్ళ ఫ్యాక్టరీ ఉంది. అక్కడ కిల్న్ (సున్నపురాయిని కాల్చే కొలిమి) నుంచి వచ్చే పొగని అమైన్ అనే ద్రావణం గుండా పంపుతారు, అది కార్బన్ డయాక్సైడ్‌ని పట్టేసుకుంటుంది, తర్వాత ఆ ద్రావణాన్ని వేడి చేస్తే వాయువు విడిగా బయటికొస్తుంది, దాన్ని ఒత్తిడి పెట్టి బాగా చల్లబరిచి ద్రవంగా మార్చి ఓడకెక్కిస్తారు. 2025 జూన్‌లో ప్రారంభించారు. ఏడాదికి 4 లక్షల టన్నులు పట్టాలని లెక్క. అది ఆ ఫ్యాక్టరీ వదిలేదాంట్లో సగమే. మిగతా సగం ఇప్పటికీ గాల్లోకే పోతోంది, ఈ మాట ప్రకటనల్లో కాస్త చిన్న అక్షరాల్లో ఉంటుంది లెండి.

ఓడ బెర్గెన్ దగ్గరి ఓయ్‌గార్డెన్ చేరుతుంది. అక్కడి నుంచి దాదాపు 100 కిలోమీటర్ల పైపు, దాని చివర సముద్రం అడుగుకి 2,600 మీటర్ల కింద ఇసుకరాయి పొర. లోపల పెద్ద గుహ ఉంటుందనుకోకండి. ఆ రాయి సన్నని రంధ్రాల్లో ఉప్పునీరు ఉంటుంది, దాన్ని పక్కకి తోసి వాయువు చోటు చేసుకుంటుంది, పైన ఉన్న గట్టి షేల్ పొర దాన్ని పైకి రానివ్వదు. 'నార్తర్న్ లైట్స్' అనే ఈ వ్యాపారం ఈక్వినార్, షెల్, టోటల్ ఎనర్జీస్ కంపెనీలది. 2025 ఆగస్టులో మొదటిసారి వాయువు లోపలికి పంపారు. మొదటి దశ సామర్థ్యం ఏడాదికి 15 లక్షల టన్నులు. నెదర్లాండ్స్‌లోని యారా ఎరువుల ఫ్యాక్టరీ ఏడాదికి 8 లక్షల టన్నులు పంపడానికి ఒప్పందం చేసుకుంది.

ప్రశ్న: ఎవరి చెత్త వాళ్ళే పాతిపెట్టుకోవచ్చు కదా? ఈ ఓడలూ ఒప్పందాలూ ఎందుకు?
– ఒక పాఠకురాలు, విజయవాడ

మంచి ప్రశ్న. అసలు కథంతా ఇక్కడే ఉంది.

పొగ వచ్చే చోట భూమి కింద సరైన రాయి ఉండాలని రూలేమీ లేదు. బెల్జియంలో ఫ్యాక్టరీలు బోలెడు, పాతిపెట్టే చోటు మాత్రం పెద్దగా లేదు. నార్వేకి చమురు తవ్విన అనుభవం ఉంది, సముద్రం కింద ఖాళీ ఉంది, సొంత పొగ తక్కువ. ఒక్క ఫ్యాక్టరీ కోసం ఓడరేవు, పైపు, బావి కట్టుకుంటే ఎవరైనా దివాలానే. పది ఫ్యాక్టరీలు పంచుకుంటే ఏదో గిట్టుబాటవుతుంది. అప్పటికీ ప్రభుత్వం చెయ్యి వెయ్యాల్సిందే, నార్వే పథకం మొత్తం ఖర్చులో మూడింట రెండొంతులు ప్రజల డబ్బే.

జనం కూడా ఒప్పుకోవాలి. నెదర్లాండ్స్‌లో బారెండ్రెక్ట్ అనే ఊరి కింద పాతిపెడతామంటే ఊరు ఊరంతా ఎదురు తిరిగింది, 2010లో ప్రభుత్వమే వెనక్కి తగ్గింది. ఆ తర్వాత యూరప్‌లో అందరి చూపూ సముద్రం మీదకి మళ్ళింది.

ఇక చట్టం. సముద్రంలో వ్యర్థాలు పడేయకుండా చూసే లండన్ ప్రోటోకాల్ అని ఒకటుంది. పడేయడానికి వ్యర్థాల్ని వేరే దేశానికి ఎగుమతి చేయకూడదని అందులో ఉంది, మంచి ఉద్దేశంతో రాసిందే, కానీ కార్బన్ డయాక్సైడ్ కూడా ఆ లెక్కలోకే వచ్చి ఇరుక్కుంది. 2009లో సవరణ చేశారు. అమలుకి సభ్యదేశాల్లో మూడింట రెండొంతులు ఒప్పుకోవాలి, ఏళ్ళు గడిచినా అన్ని సంతకాలు రాలేదు. చివరికి 2019లో, ఇష్టమున్న దేశాలు తాత్కాలికంగా పాటించుకోవచ్చని దారి చూపించారు. అలా 2023 మార్చిలో బెల్జియంలోని యాంట్‌వర్ప్ నుంచి తెచ్చిన వాయువుని డెన్మార్క్ తన పాత చమురు క్షేత్రంలోకి పంపింది. దేశం దాటించి సముద్రం కింద పాతిపెట్టడం అదే మొదలు. నార్వే 2024 ఏప్రిల్‌లో డెన్మార్క్, స్వీడన్, బెల్జియం, నెదర్లాండ్స్‌తో ఒప్పందాలు చేసుకుంది. నన్నడిగితే పైపు వెయ్యడం కన్నా ఈ కాగితాలకే ఎక్కువ కాలం పట్టింది.

ప్రశ్న: పాశర్లపూడి బ్లోఅవుట్ చూసినవాళ్ళం. లీకైతే మా గతేంటి?
– ఒక పాఠకుడు, అమలాపురం

మీ భయం అర్థమవుతుంది. 1995లో రెండు నెలలకి పైగా ఆ గ్యాస్ బావి మంట చూసినవాళ్ళకి 'భద్రమే' అని తేలిగ్గా చెప్పడం తప్పు. అయితే ఇది మండే వాయువు కాదు. దీని ప్రమాదం వేరే రకం, గాలి కన్నా బరువు కాబట్టి పల్లంలో పేరుకుని ఊపిరాడనివ్వదు. 2020లో అమెరికాలో మిసిసిపీ రాష్ట్రంలోని సటార్షియా దగ్గర వానలకి నేల జారి కార్బన్ డయాక్సైడ్ పైపు పగిలింది. రోడ్డు మీద కార్లు ఆగిపోయాయి, 45 మంది ఆసుపత్రికి వెళ్ళారు, ప్రాణనష్టం లేకపోవడం అదృష్టం. అంటే బావి కన్నా ఊళ్ళ మధ్య పోయే పైపు గురించి ముందు అడగాలి.

బావుల సంగతికొస్తే, నార్వేలోనే స్లైప్నర్ అనే చోట 1996 నుంచి వాయువు పంపుతున్నారు, పైకి లీకైన దాఖలా లేదు. స్నోవిట్ అనే ఇంకో చోట మాత్రం అనుకున్న దానికన్నా ముందే ఒత్తిడి పెరిగిపోయి వేరే పొరకి మార్చాల్సొచ్చింది. రాయి మన లెక్క ప్రకారం నడుచుకోదు. యూరప్ చట్టంలో, బావి మూసేశాక మామూలుగా కనీసం 20 ఏళ్ళు కంపెనీదే పూచీ, ఆ తర్వాతే ప్రభుత్వానికి అప్పగింత. మీ దగ్గర ఎవరైనా ఇలాంటిది మొదలుపెడతామంటే ఈ ఒక్క షరతు గురించి గట్టిగా అడగండి.

ప్రశ్న: ఇదంతా బొగ్గు, చమురు కంపెనీల డ్రామా కాదా?
– ఒక విద్యార్థి, వరంగల్

కొంత డ్రామానే. ప్రపంచంలో ఇప్పటిదాకా పట్టిన వాయువులో ఎక్కువ భాగం ఇంకాస్త చమురు పిండుకోవడానికే బావుల్లోకి వెళ్ళింది. కరెంటుకి సోలార్, గాలిమరలు ఉండగా బొగ్గు ప్లాంటుకి ఇంత ఖర్చు దేనికో నాకూ అర్థం కాదు. కానీ సిమెంట్ వేరు. సున్నపురాయిని కాల్చినప్పుడు రాయిలోంచే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, సిమెంట్ పొగలో సుమారు 60 శాతం అదే. సోలార్‌తో కాల్చినా అది తగ్గదు.

ప్రశ్న: ఆసియాలో ఎవరూ కలవట్లేదా?
– ఒక పాఠకుడు, సింగపూర్

మీ పక్కనే కలుస్తున్నారు. సింగపూర్‌లో రిఫైనరీలున్నాయి, పాతిపెట్టే చోటు లేదు. ఈ పని కలిసి చేద్దామని 2024లో ఇండోనేషియాతో ఆసక్తి పత్రం రాసుకున్నారు. ఇండోనేషియా తెలివిగా అదే ఏడాది నిబంధన పెట్టింది: చోటులో 70 శాతం సొంత పొగకి, 30 శాతమే విదేశాల వాటా. ఊరికే ఇచ్చేయలేదు.

ప్రశ్న: మన తెలుగు రాష్ట్రాలకి ఇందులో పనేమైనా ఉందా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

మీ ఊళ్ళోనే ఉంది. హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు దక్కన్ నల్లరాయిలో, అంటే బసాల్ట్‌లో, కార్బన్ డయాక్సైడ్‌ని పాతిపెట్టొచ్చా అని ఎప్పటి నుంచో చూస్తున్నారు. ఈ రాయి మహారాష్ట్ర నుంచి మన వికారాబాద్ దాకా పరుచుకుని ఉంది. ఐస్‌లాండ్‌లో ఇలాంటి రాయిలోకే నీళ్ళతో కలిపి పంపితే దాదాపు అంతా రెండేళ్ళలోపే రాయిగా మారిపోయిందని 2016లో తేలింది. మనది చాలా పాత రాయి, ఇక్కడ కూడా అంత తొందరగా మారుతుందని ముందే అనేసుకోకూడదు. ఆ ఐస్‌లాండ్‌లోనే విదేశీ వాయువు దించుకునే టెర్మినల్‌ని హాఫ్నర్‌ఫ్యోర్దుర్ ఊరివాళ్ళు వద్దనడంతో 2025లో అక్కడ మానుకున్నారు.

మనకి ఓడలు అక్కర్లేదు, రాష్ట్రాలు కలిస్తే చాలు. సిమెంట్ నల్గొండలో, పల్నాడులో, తాడిపత్రిలో ఉంది. రాయి పడమటి వైపుంది, పాత గ్యాస్ బావులు గోదావరి దగ్గరున్నాయి. పైపు ఎవరి పొలాల్లోంచి వెళ్ళాలి, రేపు ఏదైనా అయితే ఏ రాష్ట్రం పూచీ పడాలి? కృష్ణా నీళ్ళ పంచాయితీయే ఇంకా తేల్చుకోలేదు మనం, ఇది అంతకన్నా తేలిగ్గా తేలుతుందని నేనైతే మాటివ్వలేను.