జాకెట్ల యాప్‌కి డబ్బు కట్టే ముందు: చెల్లెలి కూతురికి ఉత్తరం

చిట్టీ,

నువ్వు పంపిన వాయిస్ మెసేజ్‌లు మూడూ విన్నాను. ఇంటికొచ్చి గుడ్డ, ఆది జాకెట్టు తీసుకెళ్లి, కుట్టించి, చెప్పిన తేదీకి మళ్లీ ఇంటికే తెచ్చిచ్చే యాప్. ఆలోచన నాకు నచ్చింది. కానీ యాప్ చేసేవాళ్లు ఆరు లక్షలు అడిగారని, సగం అడ్వాన్స్ వచ్చే వారమే ఇచ్చేస్తున్నావని విన్నప్పటి నుంచి నాకు టెన్షన్‌గా ఉంది. ఆ మూడు లక్షలూ మీ అమ్మ చీటీ పాడి తెచ్చిన డబ్బు. ఫోన్‌లో అయితే మాట మీద మాట వచ్చి అసలు సంగతి పక్కకు పోతుంది. అందుకే రాస్తున్నాను.

ముందు నా సంగతి విను. ఇంటి వంట టిఫిన్ బాక్సుల యాప్ మీద నేను నాలుగు లక్షల పైన పోగొట్టుకున్నానని నీకు తెలుసు. ఎలా పోయాయో నీకెప్పుడూ చెప్పలేదు. అప్పట్లో అడిగిన ప్రతివాళ్లూ "చాలా బాగుందండీ, రాగానే వాడతాం" అన్నారు. మొదటి నెలలో మూడు వందల మంది పైనే డౌన్‌లోడ్ చేసుకున్నారు. డబ్బు కట్టి బాక్సు తెప్పించుకున్నది మాత్రం పదకొండు మంది, అందులో ఐదుగురు మన చుట్టాలు. అంతా అయిపోయాక ఇల్లిల్లూ తిరిగి అడిగితే అప్పుడు తెలిసింది. సాయంత్రం వస్తూ వస్తూ కర్రీ పాయింట్‌లో రెండు కూరలు కట్టించుకుని, ఇంట్లో అన్నం ఒక్కటి వండుకుంటున్నారు. వాళ్లకి అందులో ఇబ్బందేమీ లేదు. యాప్ మొదలుపెట్టకముందు పది ఇళ్లు తిరిగినా నాకీ మాట తెలిసేది.

అందుకని "ఇలాంటి యాప్ వస్తే వాడతారా?" అని ఎవరినీ అడగకు. మనసు కష్టపెట్టడం ఇష్టం లేక అందరూ వాడతామనే అంటారు. జరిగిపోయిన దాని గురించి అడుగు. పోయినసారి జాకెట్టు ఎప్పుడు కుట్టించారు, ఎవరి దగ్గర, ఎన్నిసార్లు తిరిగారు, ఎంత ఇచ్చారు, సరిపోకపోతే ఏం చేశారు? వాళ్లు చెబుతుంటే నీ యాప్ సంగతి ఎత్తకుండా వినడమే నీ పని.

నీకోసం మొన్న ఆదివారం మా బిల్డింగ్‌లోనే ఇద్దరిని అడిగి చూశాను. మూడో అంతస్తు ఆవిడ బీరువా తెరిచి ఐదు జాకెట్లు మంచం మీద పరిచింది. ఒకటి చంకల దగ్గర పట్టేస్తుంది, ఒకటి భుజం జారిపోతుంది, ఒకదానికి హుక్సు పెడితే ఊపిరాడదు. "మరి ఇంకా ఆయన దగ్గరికే ఎందుకు వెళ్తున్నారు?" అంటే, "తొమ్మిదేళ్లుగా నా కొలత ఆయనకే తెలుసు, వేరేవాళ్లకిస్తే ఇంకా పాడుచేస్తారు" అంది. వారం ఆలస్యమైనా ఆవిడకి పట్టింపు లేదు. నువ్వేమో నీ యాప్ మొత్తం "చెప్పిన తేదీకి ఇస్తాం" అన్న మాట మీదే కడుతున్నావు. రెండో ఆవిడ రాజమండ్రి నుంచి ట్రాన్స్‌ఫర్ మీద వచ్చి రెండేళ్లయింది. ఇప్పటికీ పండక్కి ఊరెళ్లేటప్పుడు జాకెట్టు గుడ్డలన్నీ సంచిలో కట్టుకుని తన పాత టైలర్ దగ్గరికే తీసుకెళ్తుంది. చిట్టీ, నాకు ఆశ పుట్టింది ఇక్కడే. ఊరు మారి, నమ్మకమైన టైలర్ దొరకనివాళ్లు, దాని కోసం ఇప్పటికే ఇంత తిప్పలు పడుతున్నవాళ్లు. నువ్వు వెతకాల్సింది వీళ్లని. ఇలాంటివాళ్లని పాతిక మందినైనా కలువు, చుట్టాలు, స్నేహితులు కాకుండా.

టైలర్ల వైపు నువ్వసలు చూడలేదని నీ మాటల్లోనే తెలుస్తోంది. ఒక షాపులో ఒక పూటంతా కూర్చో. బిల్లు కాగితానికి గుడ్డముక్క పిన్ను కొట్టి పెట్టుకోవడం, పుస్తకంలో కొలతలు రాసుకోవడం, కటింగ్ మాస్టర్ ఒకరు, కుట్టేవాళ్లు వేరొకరు, ఫాల్, పీకో ఇంకెక్కడో చేయించడం, అన్నీ కళ్లతో చూడు. శ్రావణమాసంలో, పెళ్లిళ్లప్పుడు వాళ్లు వచ్చిన గుడ్డలే వెనక్కి పంపేస్తారు. ఆషాఢంలో, మూఢంలో మిషన్లు ఖాళీ. అంటే నీకు ఆర్డర్లు కుప్పలుగా వచ్చే రోజుల్లోనే నీకు టైలర్ దొరకడు. యాప్ ఎంత బాగా చేసినా ఈ ముడి విప్పదు. ఇళ్లలో కుట్టే ఆడవాళ్లు విప్పగలరేమో, వాళ్లని కూడా కలువు.

రెడ్‌బస్ పెట్టిన ఫణీంద్ర సామ గురించి విన్నావుగా. 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి రావడానికి బస్సు టికెట్ దొరకలేదు. ఆ తర్వాత ట్రావెల్ ఏజెంట్ల దగ్గరికెళ్లి, సీట్లు ఎలా అమ్ముతారు, ఏ బస్సులో ఎన్ని ఖాళీ అన్నది ఎవరికి తెలుస్తుంది అని అడిగి తెలుసుకున్నాడు. 2006లో కంపెనీ మొదలైంది. టికెట్ దొరకని ప్రయాణికుడి బాధ అతనికి ముందే తెలుసు. అమ్మేవాళ్ల దగ్గర పని ఎలా నడుస్తుందో వెళ్లి చూస్తేనే తెలిసింది.

ఫోన్‌లో చూడాల్సింది కొంచెమే. ప్లే స్టోర్‌లో ఇలాంటి యాప్‌లు ఏమున్నాయో వెతుకు. కిందకి జరిపి ఒకటి, రెండు, మూడు స్టార్ల రివ్యూలు చదువు, చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ చేశారో చూడు. మూడు స్టార్లవాళ్లు సాధారణంగా ఏది బాగుందో, ఏది బాలేదో రెండూ చెబుతారు. "ఇలాంటి యాప్ ఎవరూ చేయలేదు పెద్దమ్మా" అని సంబరంగా చెప్పావు. చేసి మూసేసినవాళ్లు ఉన్నారేమో కూడా కనుక్కో, దొరికితే వాళ్లతో మాట్లాడు.

ఇక అసలు పరీక్ష. యాప్ లేకుండానే పని మొదలుపెట్టు. వాట్సాప్ బిజినెస్ ఉచితమే, కేటలాగ్‌లో నాలుగు రకాల జాకెట్లు, రేట్లు పెట్టు. ఒక్క అపార్ట్‌మెంట్, ఒక్క టైలర్, ఇరవై జాకెట్లు. నీ స్కూటీ మీద నువ్వే తిరుగు. 1999లో అమెరికాలో నిక్ స్విన్‌మర్న్ చెప్పుల షాపుల్లో ఫోటోలు తీసి వెబ్‌సైట్‌లో పెట్టి, ఆర్డర్ వచ్చాకే షాపుకెళ్లి కొని పంపేవాడు. ఆ పనే తర్వాత జాపోస్ అనే పెద్ద ఆన్‌లైన్ చెప్పుల కంపెనీ అయింది. నువ్వు కూడా ప్రతి జాకెట్టుకీ రెండు వందలు అడ్వాన్స్ తీసుకో. మొహమాటపడకు. "బాగుంది" అన్నవాళ్లలో ఫోన్ తీసి యూపీఐ చేసేది ఎందరో అక్కడే తేలుతుంది.

మొదలుపెట్టకముందే ఒక అంకె డైరీలో రాసుకో. ఇరవై మందిలో ఎనిమిది మంది నువ్వు అడగకుండానే రెండో జాకెట్టు ఇస్తేనే ముందుకు, లేకపోతే ఆగుతాను అని. ముందే రాసుకోకపోతే ముగ్గురు ఇచ్చినా మనసు సర్దిచెప్పేసుకుంటుంది, నేను చేసింది అదే.

లెక్క కూడా వేశాను. నువ్వు చెప్పిన రేట్లే తీసుకున్నా: కస్టమర్ దగ్గర 700, టైలర్‌కి 500, నీకు మిగిలేది 200. తేవడానికి, ఇవ్వడానికి రెండు ట్రిప్పులు, ట్రిప్పుకి 60 చొప్పున 120 పోతే 80. నాలుగింట్లో ఒకటి ఆల్టరేషన్‌కి వెనక్కొస్తే దానికి మళ్లీ రెండు ట్రిప్పులు, సగటున జాకెట్టుకి 30. చేతిలో మిగిలేది 50. ఆరు లక్షలు తిరిగి రావాలంటే పన్నెండు వేల జాకెట్లు కుట్టించాలి, నీ జీతం, ప్రకటనల ఖర్చు లేకుండానే. ఇరవై జాకెట్లు చేశాక ఈ అంకెల్లో ఏవి తప్పో నీకే తెలుస్తుంది, తప్పయితే నాకంటే సంతోషించేవాళ్లు ఉండరు.

అన్నీ కుదిరి యాప్ చేయించే రోజు వస్తే రెండు విషయాలు గట్టిగా పట్టుకో. ప్లే స్టోర్ డెవలపర్ ఖాతా నీ పేరు మీదే తెరువు. ఒక్కసారి కట్టే 25 డాలర్లే. ఆపిల్‌కి మాత్రం ఏటా 99. నా యాప్ చేసినవాళ్లు ఖాతా వాళ్ల పేరు మీద పెట్టుకున్నారు. మాట చెడ్డాక కోడ్ కూడా చేతికి రాలేదు. కోడ్ నీదేనని కాగితం మీద రాయించుకున్నాకే డబ్బు ఇవ్వు. రెండోది, ఆడవాళ్ల కొలతలు, ఫోటోలు, ఫోన్ నంబర్లు నీ చేతికొస్తాయి. వాట్సాప్‌తో చేసే ఈ ఇరవై జాకెట్లప్పుడు కూడా అవి అనవసరంగా ఇంకెవరి ఫోన్‌లోకీ వెళ్లకూడదు. వ్యక్తిగత సమాచారం కాపాడాలని 2023లో చట్టం కూడా వచ్చింది. చట్టం సంగతి అటుంచి, నమ్మి ఇచ్చినవాళ్ల పరువు అది.

వచ్చే వారం ఇస్తానన్న అడ్వాన్స్‌కి రెండు నెలలు గడువు అడుగు. "ఈ రేటు ఈ నెలాఖరు వరకే" అని తొందరపెడితే పెట్టనీ. శ్రావణమాసంలోపు ఇరవై జాకెట్లూ తిప్పేయొచ్చు. నా గద్వాల చీర జాకెట్టు గుడ్డ, ఆది జాకెట్టు మీ అమ్మతో పంపిస్తున్నాను, అడ్వాన్స్ రెండు వందలూ ఇప్పుడే పంపాను. ఆ ఇరవైలో మాత్రం నన్ను కలపకు, ఇరవై ఒకటో జాకెట్టుగా రాసుకో.

మీ పెద్దమ్మ